పేరు లేని కొలువుకు పిల్లలెందుకు వస్తారు?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా గోదావరిఖనిలో ఏ క్వార్టర్ ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నా ముచ్చట ఒకటే. "పిల్లను ఏం చదివిద్దాం?" ఎంపీసీ పిల్లలకు ఇంజనీరింగ్ కాలేజీలు బోలెడున్నాయి. అసలు దిగులంతా బైపీసీ తీసుకున్న ఆడపిల్లల తల్లులదే. నీట్‌లో సీటు వచ్చేది కొద్దిమందికే. మరి మిగతా పిల్లలు? నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ. ఈ నాలుగు పేర్లు చెప్పాక ఇక ఎవరికీ ఐదో పేరు తోచదు.

ఆ ఐదో పేరు ఒకటుంది. డెంటల్ హైజీనిస్ట్. పళ్ళ డాక్టరు కాదు, నర్సు కాదు. పళ్ళకు పట్టిన గార తీయడం, పళ్ళు శుభ్రం చేసి నునుపు చేయడం, చిగుళ్ళు ఎలా ఉన్నాయో చూడడం, ఎలా తోముకోవాలో నేర్పడం ఆమె పని. మన దేశంలో ఇంటర్ సైన్సు తరువాత రెండేళ్ళ డిప్లొమా. మా కాలనీలో పదిమందిని అడిగాను. ఒక్కరూ ఈ పేరు వినలేదు. ఒకామె మాత్రం, "పండ్ల దవాఖానల డాక్టరు పక్కన నిలబడే పిల్లనా?" అంది. ఆ పిల్ల వేరు, ఈమె వేరు. కానీ మన మనసుల్లో ఆ తేడా లేకపోవడానికి కారణం ఉంది. అదే చెప్పాలని ఇవాళ రాస్తున్నాను.

ఈ పని నిన్నమొన్న పుట్టింది కాదు. అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్ళో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అని ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. పన్ను పుచ్చాక పీకడం కన్నా పుచ్చకుండా చూడడం మేలని ఆయన నమ్మకం. 1906లో తన దగ్గర సహాయకురాలిగా ఉన్న ఐరీన్ న్యూమన్ అనే బంధువుకు పళ్ళు శుభ్రం చేసే పని నేర్పాడు. 1913లో బడి పెట్టాడు. అందులో చేరినవాళ్ళలో టీచర్లున్నారు, నర్సులున్నారు, పళ్ళ డాక్టర్ల భార్యలు కూడా ఉన్నారు. వాళ్ళు చదువు ముగించగానే ఆ ఊరి విద్యాశాఖ బడి పిల్లల పళ్ళు చూసే పనికి కొందరిని తీసుకుంది. ఆ రాష్ట్రం ఈ పనికి చట్టం చేసి 1917లో లైసెన్సు ఇచ్చింది. మొదటి లైసెన్సు ఐరీన్‌దే.

ఇందులో నాకు నచ్చింది వరుస. చదువు పెట్టారు, వెంటనే కొలువు చూపించారు, ఆ తరువాత చట్టంతో పేరు నిలబెట్టారు. మూడూ పదేళ్ళ తేడాలో జరిగాయి. అందుకే అక్కడ ఆ కొలువు నిలిచింది.

మన దగ్గర చట్టం ముందే వచ్చింది. 1948 డెంటిస్టుల చట్టంలోనే డెంటల్ హైజీనిస్ట్ అంటే ఎవరో నిర్వచనం ఉంది. వాళ్ళ పేర్లు నమోదు చేయడానికి రాష్ట్రంలో రిజిస్టరు ఉండాలని కూడా ఉంది. సరిగ్గా అదే 1948లో జపాన్ కూడా డెంటల్ హైజీనిస్టుల కోసం చట్టం చేసింది. యుద్ధంలో బూడిదైన దేశం అది. ఇవాళ అక్కడ లక్షకు పైగా హైజీనిస్టులు పని చేస్తున్నారు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఒకే ఏడాది రెండు దేశాలూ విత్తనం వేశాయి. అక్కడ చెట్టయింది, ఇక్కడ కాగితంలోనే మిగిలింది.

ఎందుకిలా అయిందంటే, మన దగ్గర పళ్ళ డాక్టర్లే బోలెడుమంది తయారయ్యారు. దేశంలో మూడు వందలకు పైగా డెంటల్ కాలేజీలు, ఏటా పాతిక వేలకు పైగా బీడీఎస్ సీట్లు. అందులో సగానికి పైగా ఆడపిల్లలే. ఐదేళ్ళు చదివి బయటికి వచ్చిన పిల్ల పెద్ద డాక్టరు క్లినిక్‌లో తక్కువ జీతానికి కుదురుతుంది. పళ్ళు క్లీన్ చేసే పని ఆమెకే అప్పజెబుతారు. ఇంత తక్కువకు డాక్టరమ్మే దొరుకుతుంటే హైజీనిస్టును పెట్టుకునేదెవరు? నష్టం ఇద్దరికీ. డాక్టరు చదువు చదివిన పిల్లకు ఆ చదువుకు తగిన పని లేదు, రెండేళ్ళ డిప్లొమా చదవగలిగే పిల్లకు అసలు కొలువే లేదు.

ఇక మిగిలింది ఆ పక్కన నిలబడే పిల్ల. మా ఆడబిడ్డ కూతురు నాలుగేళ్ళు ఆ పని చేసింది. క్లినిక్ పేరు వద్దు, ఊరి పేరూ వద్దు. పొద్దున వెళ్ళి పనిముట్లు కడిగి, ఆటోక్లేవ్‌లో పెట్టి, సిమెంటు కలిపి, నోట్లో నీళ్ళు లాగే గొట్టం పట్టుకుని రాత్రి ఎనిమిది దాకా నిలబడేది. క్లీనింగ్ మిషను ముట్టనిచ్చేవాళ్ళు కాదు. అది సరైన పనే, చదవకుండా దాన్ని ముట్టకూడదు. కానీ భయపడి ఏడ్చే పిల్లల్ని ఒప్పించి కుర్చీలో కూర్చోబెట్టేది ఆమే. బ్రష్ ఎలా పట్టుకోవాలో ముసలివాళ్ళకు ఓపికగా చూపించేది ఆమే. పేషెంట్లు ఈమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అయినా నాలుగేళ్ళ తరువాత మానేసి బట్టల షాపులో చేరింది. ఎందుకమ్మా అంటే ఆ పిల్ల చెప్పిన మాట ఇది:

"పని కష్టమనిపియ్యలే అత్తమ్మా. మంచిగనే అనిపిచ్చేది. కని నేనేం జేస్తున్ననో చెప్పుకునేతందుకు ఒక పేరు లేదు. నాలుగేండ్లు జేసినా నిన్న వచ్చినామెకూ నాకూ ఒకటే జీతం."

ఉద్యోగంలో తృప్తి గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టమేమో. ఆమెకు పని నచ్చింది, మనుషులు నచ్చారు. ఆ పనికి పేరు లేదు, ముందుకు పోయే మెట్టు లేదు. రెండోది లేకపోతే మొదటిది ఎన్నాళ్ళు నిలబెడుతుంది?

అమెరికాలో డెంటల్ హైజీనిస్టుల్లో పదిమందికి తొమ్మిదిమందికి పైగా ఆడవాళ్ళు. 2023 ప్రభుత్వ లెక్కల ప్రకారం వాళ్ళ ఏడాది జీతం మధ్యస్థంగా 87 వేల డాలర్ల పైచిలుకు. మన రూపాయల్లోకి మార్చుకుంటే కళ్ళు తిరుగుతాయి. అక్కడి ఖర్చులు వేరు కాబట్టి అలా మార్చకూడదనుకోండి. అయినా అక్కడ కూడా అది మంచి జీతమే. చాలామంది వారానికి మూడు నాలుగు రోజులే పని చేస్తారు, రాత్రి డ్యూటీ ఉండదు, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండవచ్చు. నైట్ షిఫ్టు అంటే ఏమిటో గని కార్మికుల భార్యలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మూడు షిఫ్టుల చుట్టూ వంటా నిద్రా తిప్పుకుని బతికిన మనకు పగటిపూట కొలువు విలువ తెలుసు.

అన్నీ సుఖాలేనా అంటే, లేవు. మెడ వంచి, చెయ్యి పైకెత్తి, గంటల తరబడి ఇతరుల నోట్లోకి చూస్తూ చేసే పని. మెడ, నడుము, మణికట్టు నొప్పులు ఈ వృత్తికి వెన్నంటే ఉంటాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. పదేళ్ళ తరువాత కూడా అదే కుర్చీ, పైమెట్టు చాలా తక్కువ. కరోనా తరువాత అమెరికాలో కొందరు ఈ పని వదిలేశారు, క్లినిక్‌లు మనుషుల కోసం వెతుక్కోవలసి వచ్చింది. బ్రిటన్‌లో 2013 నుంచి డాక్టరు చీటీ లేకుండా పేషెంటు నేరుగా హైజీనిస్టు దగ్గరికి వెళ్ళవచ్చన్నారు. నాకైతే జీతం పెంచడం కన్నా ఇది పెద్ద మాటగా అనిపిస్తుంది. నీ పనిలో నీ మాట చెల్లుతుందని ఒప్పుకోవడమే కదా అది.

మన తెలుగు పిల్లల కథ ఇంకోటి. ఇక్కడ బీడీఎస్ చదివి, సాఫ్ట్‌వేర్ అబ్బాయిని పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళిన అమ్మాయిలున్నారు. ఇక్కడి డిగ్రీతో అక్కడ పళ్ళ డాక్టరుగా చేయనివ్వరు. మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి, ఆ ఫీజులు మామూలువి కావు. ఫ్లోరిడా లాంటి చోట విదేశంలో డెంటిస్టు చదివినవాళ్ళు పరీక్షలు రాసి హైజీనిస్టు లైసెన్సు తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఎవరూ వినని కొలువు అక్కడ మన డాక్టరమ్మలకే దారి చూపిస్తోంది.

మరి మన దగ్గర ఆ కొలువును ఆడపిల్లలూ తల్లులూ ఎందుకు కోరుకోరు? కొలువులు లేకపోవడం ఒకటి. రెండోది మన మనసులో ఉంది. దాని పేరు ఎంగిలి. ఇతరుల నోట్లో చెయ్యి పెట్టి, పాచి తీసే పనా అని ముఖం చిట్లిస్తాం. శుభ్రం చేసే పని ఏదైనా మనకు తక్కువే. ఇంట్లో గిన్నెలు తోమినంత కాలం ఎవరికీ కనిపించదు, ఒక్కరోజు తోమకపోతే అందరికీ కనిపిస్తుంది. ఇల్లాలి పనికీ హైజీనిస్టు పనికీ ఈ పోలిక ఉంది. జబ్బు వచ్చాక నయం చేసినవాళ్ళకు దండం పెడతాం. రాకుండా చూసినవాళ్ళు చేసింది మన కంటికి ఆనదు. అసలు రానే లేదు కదా!

నర్సుల విషయంలో కూడా ఒకప్పుడు ఇలాగే అన్నారు. పరాయి మగవాళ్ళ ఒళ్ళు తుడవాలి, సంబంధాలు రావు అన్నారు. ఇవాళ నర్సు కోడలు కావాలని అడిగి వచ్చేవాళ్ళున్నారు. మన అభిప్రాయం దానంతట అది మారలేదు. ప్రభుత్వ పోస్టులు వచ్చాయి, జీతం స్కేలు వచ్చింది, స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు అని మెట్లు వచ్చాయి. గౌరవం వాటి వెనకాల నడిచి వచ్చింది. బాయిలో ఆడవాళ్ళ పని చూడండి. 1952 గనుల చట్టం భూగర్భ గనుల్లో ఆడవాళ్ళు పని చేయకూడదంది. 2019లో కేంద్రం కొన్ని షరతులతో ఒప్పుకుంది. నిబంధన మారాకే, మైనింగ్ చదువుతానన్న ఆడపిల్లను ఊరు వింతగా చూడడం తగ్గింది.

అందుకే "పిల్లలకు ఈ కోర్సు మీద ఆసక్తి లేదు" అనే మాట నేను ఒప్పుకోను. కొలువు చూపించకుండా ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మన బొగ్గు ప్రాంతానికి ఈ కొలువు ఎందుకు కావాలో చెబుతాను. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. మీథేన్ గ్యాసు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ నియమం ప్రాణాలు కాపాడేది, దానికి తిరుగులేదు. కానీ పొగాకు అలవాటున్న మనిషి ఎనిమిది గంటలు ఏం చేస్తాడు? దవడన అంబర్ పెడతాడు, ఖైనీ నలుపుతాడు. గుట్కా నిషేధమైనా ఎక్కడ దొరుకుతుందో మనందరికీ తెలుసు. మన ఇళ్ళలో ఎన్ని తువ్వాళ్ళకు, ఎన్ని బనియన్లకు ఆ మరకలు ఉతికి ఉంటాం! మన దేశంలో మగవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ముందు వరసలో ఉంది. అది చాలాసార్లు బుగ్గ లోపల తెల్లమచ్చగా, మానని పుండుగా, నోరు సరిగా తెరుచుకోకపోవడంగా మొదలవుతుంది. ఆ దశలో నొప్పి ఉండదు. నొప్పి లేనిదే మనవాళ్ళు డాక్టరు మెట్లెక్కరు.

ఆరు నెలలకోసారి పళ్ళు శుభ్రం చేసే మనిషికి ఆ మచ్చ కనిపిస్తుంది. కనిపించగానే డాక్టరుకు చూపిస్తుంది. ఆమె పని విలువంతా ఆ ఒక్క చూపులో ఉంది.

గని కార్మికులకు నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్షలు చట్టం ప్రకారమే జరుగుతాయి. ఊపిరితిత్తుల ఎక్స్‌రే, చెవులు, కళ్ళు చూస్తారు. అదే రోజు నోటికి ఒక పావుగంట కేటాయించి, అందుకు శిక్షణ పొందిన హైజీనిస్టును కూర్చోబెడితే ఎంత ఖర్చవుతుంది? గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది. రామగుండానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. కాలనీల్లో బడులున్నాయి. ఊరికి నాలుగైదు పోస్టులతో మొదలుపెట్టినా కొంతమంది బైపీసీ ఆడపిల్లలకు ఇంటి దగ్గరే కొలువు, వేల కుటుంబాలకు మేలు. 2023లో పార్లమెంటు పాత డెంటిస్టుల చట్టం స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం తెచ్చింది. చట్టాలు మారుతున్న ఈ సమయంలోనే యూనియన్లు క్యాంటీన్, క్వార్టర్ల డిమాండ్లతో పాటు ఇదీ ఒకటి చేరిస్తే బాగుంటుంది. మనం మన ఇళ్ళలో చెబితేనే వాళ్ళు చేరుస్తారు.

అంతవరకు తల్లులకు నా మాట ఒకటి. ఎవరో కన్సల్టెన్సీ వాళ్ళు "రెండేళ్ళు చదివితే అమెరికాలో లక్షలు" అంటే నమ్మి ఫీజు కట్టకండి. అక్కడ చాలా రాష్ట్రాల్లో వాళ్ళు గుర్తించిన కాలేజీలో చదివితేనే లైసెన్సు. మన డిప్లొమాతో విమానం ఎక్కితే అక్కడ కుర్చీ దొరకదు. ఇక్కడ చేర్పించాలనుకున్నా ముందు నాలుగు సంగతులు అడగండి. ఆ కోర్సుకు కేంద్ర స్థాయిలో గుర్తింపు ఉందా? చదివాక రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కుతుందా? పేషెంట్ల మీద అభ్యాసం చేయించే ఆసుపత్రి కాలేజీకి ఉందా? నిరుడు, మొన్న చదివిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ, ఏ పేరుతో పని చేస్తున్నారు? నాలుగో ప్రశ్నకు జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే లేచి వచ్చేయండి. "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అని సామెత ఉంది కదా అని పిల్ల చదువును ఏదో ఒక రాయికేసి కొట్టలేం.

పిల్లను కూడా అడగండి. ఓపిక ఉందా, ఒకే పనిని రోజూ శ్రద్ధగా చేయగలదా, కొత్తవాళ్ళతో మాట కలుపుతుందా, ఎంగిలి అని వెనకాడుతుందా? వీటికి అవునో కాదో ఆమే చెప్పాలి. మనం ఆమె తరఫున చెప్పకూడదు.

ఇక మీరు పళ్ళ క్లినిక్‌కు వెళ్ళినప్పుడు రెండు విషయాలు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయనే భయం వదిలేయండి. గట్టిపడిన గార చిగురును తినేస్తూ, పన్నును పట్టి ఉంచినట్టు కనిపిస్తుంది. అది తీసినప్పుడు బయటపడే కదలిక అంతకుముందు నుంచే ఉన్నది. షుగరు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు చిగుళ్ళ నుంచి రక్తం వస్తే మామూలే అని ఊరుకోకండి. రెండోది, మిమ్మల్ని కూర్చోబెట్టి, నోరు పుక్కిలించమని గ్లాసు చేతికిచ్చే ఆ పిల్లను "ఏయ్ పాపా" అనకుండా పేరు అడగండి. ఏం చదివావు, ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావు, జీతం పెరిగిందా అని అడగండి. డాక్టరు వింటుండగానే అడగండి. కొలువుకు పేరు పెట్టవలసింది ప్రభుత్వమూ కంపెనీలే. ఆ పేరు కావాలని వాళ్ళను అడగవలసినవాళ్ళం మాత్రం మనం. నెలనెలా జీతం వచ్చే ఇళ్ళలో కూర్చుని, పిల్లలకు ఏం చదివిద్దామని ప్రతి ఏడాదీ అదే ప్రశ్న వేసుకునే మనం.